సరోజ గిర్నికి మూడు ఫేజులు

పాలకీడు దగ్గరి ఊళ్లో సరోజ తన ఇంటి ముందు, రేకుల కింద, పిండి గిర్ని పెట్టింది. పాతదే అయినా బాగా నడిచేది చూసి మిర్యాలగూడలో కొన్నది. ఊరివాళ్లు పిండి పట్టించడానికి ఆటో ఎక్కి నేరేడుచర్ల దాకా పోతున్నారు. ఆ తిప్పలు తప్పించాలని ఆమె ఆశ. కానీ ఏడున్నర హార్స్‌పవర్ మోటారు ఇంటి కరెంటుతో కదలదు. త్రీఫేజ్ కావాలి.

కరెంటు ఆఫీసులో ఇంజనీరు నరేందర్ దరఖాస్తు చూశాడు.

"గిర్ని నడుస్తున్న వీడియో పెట్టమ్మా. లోడు ఉన్నదని రుజువు కావాలె."

"కరెంటు ఇస్తె నడుస్తది సార్."

"నడిస్తె కరెంటు ఇస్తం."

మర్నాడు సరోజ గిర్ని చక్రానికి మోకు చుట్టింది. ఏడుగురు ఆడవాళ్లను పోగేసి, తానూ కలిసి లాగింది. చక్రం గిర్రున తిరిగింది. ఆమె భర్త స్టీఫెన్ తాడు కనపడకుండా వీడియో తీసి ఆఫీసుకు పంపాడు.

రెండు రోజులకే నరేందర్ జీపు దిగాడు.

"త్రీఫేజ్ లేకుండ ఎట్ల నడిచింది? దొంగ కరెంటు కేసు రాస్తున్న."

సరోజ ఆడవాళ్లను పిలిచి మళ్లీ మోకు చుట్టింది. ఆ రోజు వాళ్లలో ఒకామె వరి నాటుకు పోయింది.

"సార్, జర మీరు పట్టుండ్రి."

ఆయన బూట్లు విప్పి లాగాడు. చక్రం తిరిగింది. కేసు కాగితం చించి వేరే ఫారం తీశాడు.

"ఎనిమిది మందంటె ఒక్క హార్స్‌పవర్. దానికి త్రీఫేజ్ రాదమ్మా."

"ఏడున్నరకు ఎంతమంది కావాలె?"

ఫోన్‌లో లెక్క కట్టి చెప్పాడు. "అరవై."

సరోజకు ఒళ్లు మండింది. అయినా ఆదివారం ప్రార్థన అయిపోగానే చర్చి ముందు నిలబడి అడిగింది. అరవై ముగ్గురు వచ్చారు. లెక్క చూడటానికి వచ్చిన నరేందర్ ముగ్గురిని పక్కకు పంపాడు.

"ఓవర్‌లోడ్ అని రాయాల్సొస్తది."

మోకు వీధి చివరి దాకా సాగింది. ఒక్కసారిగా లాగితే చక్రం తిరగడమే కాదు, గిర్ని జానెడు ముందుకు జరిగింది. నరేందర్ ఫారంలో ఏడున్నర అని రాసి సంతకం పెట్టాడు.

పది రోజులకు తీగలు వచ్చాయి. లైన్‌మన్ మల్సూర్ స్విచ్ వేశాడు. మోటారు ఉల్టా తిరిగింది.

సరోజ మోకు వైపు చూసింది. "ఇగ ఇప్పుడు ఎంతమందిని పిలవాలె?"

"ఎవ్వరొద్దక్కా. రెండు వైర్లు మారిస్తె సక్కగైతది."

మార్చాడు. స్టీఫెన్ జొన్నలు పోశాడు. వెచ్చటి పిండి రాలుతుంటే సరోజ దోసిట పట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ముఖమంతా పిండి అయింది.