అయిదో తీగ

పార్కుల ఆఫీసు పదింటికి మొదలవుతుందని గుమ్మం పక్క బోర్డు మీద రాసి ఉంటుంది. బోర్డుకేం, ఏదైనా రాస్తారు. ఇంజనీరు పదకొండింటికి వస్తాడు, కిటికీ తెరుస్తాడు, ఆ శ్రమ తీరడానికి టీ తాగుతాడు. అప్పటికి డ్రాఫ్టరమ్మ రెండు పెన్సిళ్ళు అరగదీసి ఉంటుంది. ప్లాన్లు గీయడం ఆమె పని. తొమ్మిదేళ్ళుగా టెంపరరీయే. గీసినవాటిలో ఒక్కటీ ఆమెకు నచ్చలేదు, ఒక్కదానికీ నోరు తెరిచి కాదనలేదు. తిట్టుకోవడంలో మాత్రం ఎవరికీ తీసిపోదు, అదీ మనసులోనే.

ఆ నెల ఆమె గీస్తున్నది పార్కు నడుమ కట్టబోయే ప్రాంగణం. ఊరికి పేరు తెచ్చిన ఫిడేలు మాస్టారి జ్ఞాపకార్థం. మాస్టారు పోయి నాలుగేళ్ళయింది, కానీ కమిటీ మీటింగు ఒక్కటీ మానలేదు. ఉతికిన చొక్కా, చంకలో ఫిడేలు పెట్టె. కుర్చీలు దాతలకే చాలేవి కావు కనుక, డ్రాఫ్టరమ్మ బల్ల పక్కన స్టూలు మీద కూర్చునేవారు. టీ ఇచ్చేవారు, అభిప్రాయం అడిగేవారు కాదు. సభ్యుల జాబితాలో లేని మనిషిని అడిగితే పద్ధతి తప్పుతుందని ఇంజనీరు భయం.

ఎనిమిదో మీటింగులో అధ్యక్షుడు తుదిమాట చెప్పాడు. సంగీతం ఒక్క ముక్క రాదు గానీ, రాని విషయం మీద గొంతు పెంచడం అతనికి బాగా వచ్చు. ప్రాంగణం మధ్యలో ఇరవై అడుగుల రాతి ఫిడేలు, దానికి అయిదు తీగలు. దాతలు అయిదుగురు మరి, తలా ఒక తీగ మీద పేరు చెక్కించాలి.

"ఫిడేలుకు నాలుగే కదండీ," అంది డ్రాఫ్టరమ్మ. తొమ్మిదేళ్ళలో ఆమె మీటింగులో మాట్లాడటం అదే మొదలు.

అధ్యక్షుడు మాస్టారి శిష్యుడి వైపు చూశాడు. సభలో గురువుగారి పేరు వినబడగానే రుమాలు తీసే మనిషి. నలభై ఏళ్ళుగా నాలుగు తీగల మీదే బతుకుతున్నాడు. శిలాఫలకం మీద అతని పేరు గురువు పేరుకంటే ఒక అంగుళం పెద్దగా వస్తోంది.

"అయిదైతే నిండుగా ఉంటుంది," అన్నాడు.

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు.

ఇంజనీరు ఆమెను పక్కకు పిలిచాడు. శుక్రవారంతో ఆమె గడువు అయిపోతుందట. ఈ ప్లాను మీద సంతకాలు పడితే పర్మనెంటు కాగితం కూడా ఆ రోజే వస్తుందట, లేకపోతే తను చేయగలిగిందేమీ లేదట. అతను చేయగలిగింది ఎప్పుడూ ఏమీ ఉండదు, అది వేరే సంగతి. ఆమె జీతం మీద తండ్రి మందులూ, ఇద్దరు తమ్ముళ్ళ బద్ధకమూ నడుస్తున్నాయి.

వచ్చి అయిదో తీగ గీసింది.

మాస్టారు వంగి, శ్రుతి చేసుకునేటప్పటిలాగే, కాగితం మీది బిరడాను కాస్త తిప్పారు. గీత సడలి, కాగితం మీంచి జారి, వెంట్రుకలా బల్ల మీద పడింది. ఇంజనీరు సిరా అమ్మినవాణ్ణి తిట్టాడు. ఆమె మళ్ళీ గీసింది, మళ్ళీ జారింది. అలా నాలుగుసార్లు.

"ఇంకోసారి గీయనా మాస్టారూ?"

"నాకు నాలుగు చాలమ్మా."

పెట్టె తెరిచారు. ఫిడేలుకు తీగలు లేవు. గుర్తుగా ఉంచుకుంటానని, ఆయన పోయిన రోజే శిష్యుడు విప్పుకుపోయాడు. బల్ల మీది నాలుగు గీతలూ ఏరి, బిగించి, మాస్టారు కమాను అందుకున్నారు. మీటింగు నడుస్తోందనీ, బయటికెళ్ళి వాయించుకోమనీ అధ్యక్షుడు కసిరాడు. శిష్యుడు రుమాలు తీశాడు గానీ, తనవైపు ఎవరూ చూడకపోయేసరికి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

మాస్టారు లేచారు. డ్రాఫ్టరమ్మ కూడా లేచి, గుప్పెడు సుద్దముక్కలు తీసుకుంది.

"ఎక్కడికమ్మాయ్? సంతకాలున్నాయి," అన్నాడు ఇంజనీరు.

"పెట్టించుకోండి సార్. నేను స్థలం చూడనే లేదు."

ఎనిమిది మీటింగుల్లో ఎవరూ చూడలేదు.

పార్కులో మాస్టారు ఖాళీ నేల మీద నిలబడి వాయించారు. కూరల సంచీతో ఒకావిడ ఆగింది. డ్యూటీ దిగిన నర్సు ఆగింది. తాళాలు బాగుచేసేవాడు తన పెట్టె మీదే కూర్చున్నాడు. ఎవరికి తోచినచోట వాళ్ళు చతికిలబడ్డారు, కొందరు దగ్గరగా, కొందరు ఏడవడానికి వీలుగా చెట్టు చాటున. ఆమె ఒక్కొక్కరి చుట్టూ సుద్దతో గీసింది. సాయంత్రానికి అరవై మూడు గీతలు తేలాయి.

ఉద్యోగం తీసేసిన కాగితం ఆమెకంటే ముందే ఇల్లు చేరింది. ఆ ఆఫీసు త్వరగా చేసిన పని అదొక్కటే.

సోమవారం మేస్త్రీ మనుషులతో దిగాడు. మేస్త్రీలు ఆఫీసు కాగితాన్ని చుట్టి చంకలో పెట్టుకుంటారు, నేల మీది గీతనే నమ్ముతారు. సుద్ద ఉన్న ప్రతిచోటా కూర్చునే రాయి వేయించాడు. రాతి ఫిడేలుకు గీత ఎక్కడా కనబడలేదు, పెట్టలేదు. పని అయ్యాక వాకబు చేసుకుంటూ ఆమె ఇంటికి వచ్చాడు.

"గీత బాగా పెట్టావమ్మా. నాతో పనికొస్తావా?"

"నాకు నేల మీద పని కొత్త."

"కాగితం మీద తొమ్మిదేళ్ళు చేశావు కదా, ఏం కట్టారు?"

తమ్ముళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆమె చెప్పులు వేసుకుంది.

ప్రారంభోత్సవం నాడు ఆ అరవై మూడు రాళ్ళూ మొదటినుంచీ తన ఆలోచనేనన్నాడు అధ్యక్షుడు. మాస్టారికి ఈసారి ముందు వరసలో కుర్చీ వేశారు. ఆయన రాలేదు. ఆ వేళకు పక్క ఊళ్ళో కొత్త బడి దగ్గర, ఆ గోడ అక్కడ పనికిరాదని డ్రాఫ్టరమ్మ హెడ్మాస్టరుకు మూడోసారి చెబుతోంది. మాస్టారు ఇటుకల మీద కూర్చుని వింటున్నారు.