గ్రౌండ్ తడిగా ఉంది బావా

శనివారం సాయంత్రం ఆఖరి జత అద్దాలు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టాక, పిట్ట ఫోన్ పట్టుకుని కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలోకి వెళ్ళాడు. బావకి అబద్ధం చెప్పాలి. పిల్లి మెడలో గంట కట్టే పని టీమంతా కలిసి అతని నెత్తినే పెట్టింది.

"బావా, రేపు టోర్నమెంట్ లేదట. గ్రౌండ్ తడిగా ఉందట."

"మొన్నటి వానకేనా?"

"ఆ... అడుగున ఇంకా చిత్తడిగానే ఉందట."

"పోనీలేరా, హాయిగా పడుకుంటా," అని నవ్వి పెట్టేశాడు బావ. ఇంకో ప్రశ్న అడిగి ఉంటే పిట్ట దొరికిపోయేవాడే. అడగలేదు. బామ్మర్ది మాట మీద అంత నమ్మకం.

బావకి బేకరీ ఉంది. అక్కని చేసుకున్న కొత్తలో, చువ్వలా ఉండే బామ్మర్దిని పార్కుకి లాక్కెళ్ళి, చేతిలో ఫ్రిస్బీ, అదే ఆ గుండ్రటి ప్లాస్టిక్ పళ్ళెం, పెట్టి, "మణికట్టు తిప్పరా, భుజం కాదు," అని నేర్పింది ఆయనే. పిట్ట అని పేరు పెట్టిందీ ఆయనే. ఆదివారాలు వాళ్ళిద్దరూ విసురుకుంటుంటే చూసి ఒక్కొక్కరే చేరారు. అలా టీమైంది. ఇప్పుడు బావకి పొట్ట వచ్చింది, మోకాలు మొరాయిస్తోంది. నాలుగడుగులు పరిగెత్తితే కొలిమి తిత్తిలా రొప్పుతాడు.

ఈ అబద్ధం మాట శుక్రవారమే అనుకున్నారు. "మీ బావ బంగారంలాంటి మనిషి, కాదనను," అన్నాడు కెప్టెన్‌గా ఉన్న ఎలక్ట్రీషియన్. "కానీ పోయినసారి అందరికంటే అడుగున ఉన్నాం. పక్కన కూర్చోమంటే నొచ్చుకుంటాడు. అసలు లేదని చెప్పేస్తే గొడవే ఉండదు. ఆయన బదులు మా పెదనాన్న కొడుకు వస్తాడు, గుర్రంలా పరిగెడతాడు."

పిట్ట వద్దందామనుకున్నాడు. చివరికి సరేనన్నాడు. నిజం చెప్పాలంటే, అతనికీ ఒక్కసారి గెలవాలనుంది.

ఆదివారం గ్రౌండ్ ఎండకి పొడిపొడిగా ఉంది. ఈ ఆటలో రిఫరీ ఉండడు. ఫ్రిస్బీ డిస్కు చేతిలో ఉన్నవాడు అడుగు కదపకూడదు, విసరాలి. అటు చివర గీత దాటిన జాగాలో మనవాడు పట్టుకుంటే పాయింటు. పట్టింది లోపలా బయటా అన్నది పట్టినవాడే చెప్పాలి, ఎదుటివాళ్ళు నమ్మాలి. కాదనిపిస్తే ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవాలి.

మొదటి రెండు ఆటలూ సునాయాసంగా గెలిచారు. గుర్రం నిజంగానే గుర్రం. పిట్ట గాల్లోకి ఎగిరి పట్టిన ఒక పట్టుకి అవతలి టీమువాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఆ సంతోషంలో బావ సంగతి మర్చిపోయాడు కూడా.

అంతలో బేకరీ వ్యాన్ వచ్చి గేటు దగ్గర ఆగింది.

తినుబండారాలు ఇస్తానన్న హోటలువాడు ఆఖరి నిమిషంలో చేతులెత్తేస్తే, నిర్వాహకులు దగ్గర్లోని బేకరీకి ఫోన్ చేశారట. బావ బన్నుల ట్రే ఎత్తుకుని దిగాడు. గ్రౌండ్ చూశాడు. తన టీము నీలం చొక్కాలు చూశాడు. వాటి మధ్యలో కొత్త మనిషిని చూశాడు. ట్రే బల్ల మీద పెట్టాడు, తొందరపడకుండా.

ఎలక్ట్రీషియన్‌కి బూటు లేసు కట్టుకోవాల్సిన పని గుర్తొచ్చింది. పిట్ట తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"ఆరిపోయిందన్నమాట గ్రౌండ్," అన్నాడు బావ. "మంచిదే. బన్నులు వేడిగా ఉన్నాయి, తినండి."

తిట్టినా బాగుండేది. పిట్ట తన బన్ను పక్కవాడి చేతిలో పెట్టేశాడు.

బావ ఖాళీ ట్రేలు సర్దుకుంటుండగా, పక్క టీములో ఒకమ్మాయి కాలు మడతపడి కూలబడింది. అది ఎక్కడెక్కడివాళ్ళో పోగైన టీము, పేరే కలగూరగంప. ఒకరు తక్కువయ్యారు. వాళ్ళలో పెద్దావిడ, బ్యాంకు క్యాషియరట, బావ దగ్గరికొచ్చింది. "మీకు విసరడం వచ్చా అన్నయ్యా?"

"కొంచెం వచ్చమ్మా," అన్నాడు బావ.

ఏప్రాన్ విప్పి, పిండి అంటిన చెప్పులతోనే దిగాడు. పరిగెత్తలేదు. నిలబడ్డ చోటు నుంచే విసిరాడు. ఆయన చేతిలోంచి వెళ్ళిన డిస్కు గాలిని అడిగి మరీ వంగినట్టు వంగి, మనిషి చేతుల్లో వాలేది. కలగూరగంప ఎవరూ అనుకోనట్టు గెలిచి, సెమీఫైనల్లో పిట్టవాళ్ళకే ఎదురైంది.

స్కోరు సమానమైంది. ఒక్క పాయింటు, ఎవరు వేస్తే వాళ్ళు ఫైనల్‌కి. ఎలక్ట్రీషియన్ పొడుగ్గా విసిరాడు. పిట్ట దూకి పట్టుకుని, రెండు కాళ్ళూ పక్క గీతకి లోపలే పెట్టి దిగాడు. అతన్ని కాపు కాస్తున్నది బావే, రొప్పుతూ, మోకాలు పట్టుకుని.

ఆ మోకాలు చూసేసరికి పిట్టకి ఏమైందో, "బయట," అన్నాడు. "కాలు గీత మీద పడింది."

టీమంతా ఉసూరుమంది. బావ నడుం నిటారు చేశాడు.

"లోపలే. నేను చూశాను."

"లేదు బావా, పక్క గీత..."

"లోపలేరా," అన్నాడు బావ, మిగతావాళ్ళకి వినపడకుండా. "నిన్న ఒక అబద్ధం చెప్పావు, సరే. ఇవాళ నా మీద జాలిపడి ఇంకోటి చెప్పకు. అది నాకు ఎక్కువ నెప్పి." తర్వాత చెయ్యెత్తి అందరికీ చెప్పాడు, "పాయింటు వాళ్ళదే!"

అలా గెలిచింది పిట్ట టీమే. ఫైనల్లో పిట్ట చేతికొచ్చిన ప్రతి డిస్కూ జారిపోయింది. చిత్తుగా ఓడారు.

వ్యాన్ కదిలేముందు పిట్ట కిటికీ దగ్గరికెళ్ళాడు. "క్షమించు బావా. కెప్టెన్ చెప్పమన్నాడు గానీ, నేనూ గెలవాలనుకున్నాను. అందుకే కాదనలేదు."

బావ స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు. "నేను పరిగెత్తలేనని నాకు తెలీదట్రా? వద్దు బావా అంటే నేనే టీ తెచ్చి పక్కన కూర్చునేవాణ్ణి. వేరేవాడు చెప్పుంటే నమ్మేవాణ్ణి కాదు. నువ్వు చెప్పావని నమ్మాను."

"అక్కకి చెప్తావా?"

"నీ అక్క. నువ్వే చెప్పుకో."

చెప్పాడు. అక్క కేకలేయలేదు. అన్నం వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది, మారు వడ్డించడానికి రాలేదు.

తర్వాతి ఆదివారం బావ పార్కుకి వస్తాడని పిట్ట అందరికంటే ముందే వెళ్ళి కూర్చున్నాడు. బావ వచ్చాడు. వీళ్ళని చూసి చెయ్యూపాడు, పేరుపేరునా పలకరించాడు, అందరికీ బన్నులు పంచాడు. ఆపైన చెట్ల అవతలికి నడిచి వెళ్ళాడు. అక్కడ కలగూరగంపవాళ్ళు ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. క్యాషియరమ్మ విసిరింది వంకరగా పోతే, బావ గొంతు ఇటువైపుకి వినిపించింది, "మణికట్టమ్మా, భుజం కాదు."

"రారా, మొదలెడదాం," అన్నాడు ఎలక్ట్రీషియన్.

పిట్ట లేచాడు గానీ, చూపు మాత్రం చెట్ల అవతలే ఉంది.