వెనక పోర్టులోని పోగు

మాధురి కంప్యూటర్ డబ్బా ఆటోనగర్‌లో పుట్టింది. లారీ బాడీలు కట్టే రేకుతో దుర్గాశంకర్ దగ్గరుండి చేయించాడు. పెయింటరు అలవాటుకొద్దీ వెనకాల ‘హారన్ కొట్టండి’ అని రాసేశాడు. లోపల మాత్రం యాపిల్ వాళ్ళ మ్యాక్ ఓఎస్, శంకర్ ఎక్కించిందే. ఇంటర్ నుంచీ ఇద్దరూ స్నేహితులు. మాధురి చీర అంచులు గీస్తుంది, శంకర్ మిషను చూసుకుంటాడు.

శుక్రవారం బెంజ్ సర్కిల్ షోరూంలో పెళ్ళిచీరల అంచు ఎంపిక. ఆ ఆర్డరు వస్తే ఏడాదంతా పనే. మంగళవారం సిస్టం అప్‌డేట్ అడిగింది, మాధురి సరే అంది. అంతే, బొమ్మలు గీసే ప్యాడ్ మూగబోయింది.

శంకర్‌కి ఫోన్ చేస్తే హనుమాన్ జంక్షన్‌లో ఉన్నానన్నాడు.

"యూఎస్‌బీ మ్యాప్ పోయుంటుందే, ఏ పోర్టు ఎక్కడుందో దానికి తెలీట్లేదు. ఒక్కో పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి చూడు. పోగు వస్తే బతికున్నట్టు. పదిహేను పోర్టులకి మించి మ్యాక్ ఎలాగూ ఒప్పుకోదు. వెనకాల నల్ల పెన్‌డ్రైవ్ జోలికి మాత్రం వెళ్ళకు. అది తీస్తే సిస్టం లేవదు."

"లేవకపోతే నిన్ను లేపుతాలే."

పోగు సంగతి ఆ ఇంట్లో కొత్తేం కాదు. పెన్‌డ్రైవ్‌లో ఏ బొమ్మ ఉంటే ఆ రంగు దారం పోర్టులోంచి బయటికొస్తుంది. మాధురి వాళ్ళమ్మ నాగమల్లేశ్వరి దాన్ని కండెలకు చుట్టి జాకెట్లు కుట్టుకుంటుంది.

పద్నాలుగు పోర్టులు బతికాయి. ప్యాడ్ ఒక్కదాంట్లోనూ లేవలేదు. మిగిలింది నల్లది ఉన్న పదిహేనోది. మాధురి కళ్ళు మూసుకుని లాగేసింది.

ఆపి మళ్ళీ ఆన్ చేసినా సిస్టం నిక్షేపంగా లేచింది. కానీ పోర్టులోంచి ఓ పోగు బిగుతుగా సాగి, కిటికీ ఊచల్లోంచి వీధిలోకి వెళ్ళిపోతోంది. తమలపాకు పచ్చ, పక్కన కుంకుమ రంగు. తను నెల రోజులు గీసి, ఎవరికీ చూపించకుండా దాచుకున్న అంచు.

ఇన్నాళ్ళూ పోగులన్నీ ఇంట్లోకి వచ్చేవి. ఇదొక్కటే ఇంట్లోంచి పోయేది.

శంకర్‌ని తిడదామని ఫోన్ తీసింది. తీరా చూస్తే తనకొచ్చిన తిట్లన్నీ వాడు నేర్పినవే. ఫోన్ పక్కన పడేసి పోగు పట్టుకుని లాగింది. తేలిగ్గానే వచ్చింది. గురువారం సాయంత్రానికి పదకొండు కండెలు నిండాయి.

శుక్రవారం షోరూంలో తనకంటే ముందు అంకమ్మరావు గారు కూర్చునున్నారు. పాతిక మగ్గాల ఆసామి. పక్కన శంకర్. మాధురిని చూసి చెప్పులకేసి చూసుకున్నాడు.

అంకమ్మరావు చీర మడత విప్పారు. అంచు ఉండాల్సిన చోట బోసిగా ఉంది.

"అంచేదండీ?" అంది షోరూం యజమాని రాజ్యలక్ష్మి.

"నిన్నటిదాకా ఉందండీ!"

"ఎవరిదో వాళ్ళు లాక్కునుంటారు లెండి," అని చీర పక్కకి జరిపి, "నువ్వు చూపించమ్మా," అంది.

మాధురి అంచు బొమ్మ పరిచి, పక్కన పదకొండు కండెలూ పేర్చింది. ఆర్డరు మాధురికే రాశారు.

మెట్ల దగ్గర శంకర్ అందుకున్నాడు. "మధూ... మీ అమ్మకి చెప్పావా?"

"లేదు. రేపు నీ పుట్టినరోజని పొద్దున్నే పూర్ణాలకి పప్పు నానబోసింది. వాడు రాలేదేమే అని అడుగుతుంది కదా, ఏం చెప్పమంటావో చెప్పరా. నీకు బాగా వచ్చుగా, ఏదోటి అల్లి చెప్పు."

నల్ల పెన్‌డ్రైవ్ వాడి చేతిలో పెట్టి, మాధురి ఆటో ఎక్కేసింది.