సాక్షి సంతకం

తమ్ముడి వైస్ చేజారిన రోజున ఇంట్లో ఎవరూ ఏడవలేదు. పోయిందని ఎవరికైనా తెలిస్తే కదా! అతను కాలేజీ వర్క్‌షాపులో మాస్టరు. ఇనుప ముక్కను పట్టి ఉంచే వైస్‌ను చేత్తో తిప్పే పని లేకుండా, మోచేత్తో నెడితే బిగుసుకునేలా తయారుచేశాడు. ఒంటిచేతివాళ్లు కూడా పనిచేసుకోవాలని అతని ఆశ. ఆ రోజు వర్క్‌షాపు చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన రెండు ప్రశ్నలడిగితే పది జవాబులిచ్చి, వైస్‌ను మర మరా విప్పి చూపించాడు. ఏడాది తిరిగేసరికి అదే వైస్ ఆ పెద్దమనిషి పేరున పేటెంటై కూర్చుంది.

ఇప్పుడు తమ్ముడూ లేడు. మూడు నెలలైంది.

అక్క అదే కాలేజీలో మేధోసంపత్తి హక్కుల పాఠం చెబుతుంది. ఆ మధ్యాహ్నం చెప్పాల్సింది బోర్డు మీద రాసింది. ఏ రోజు పని ఆ రోజే రికార్డులో ఎక్కించాలి. విషయం తెలిసిన మరొకరు చదివి, చదివిన రోజు తేదీ వేసి, సాక్షి సంతకం చేయాలి.

"మన ఐడియాలకు దొంగల భయమెందుకు మేడం? ఉంటే కదా పోడానికి!" అన్నాడు చివరి బెంచీ మహారాజు. క్లాసంతా గొల్లుమంది.

గంట కొట్టాక అతనే రికార్డు పట్టుకుని బల్ల దగ్గరికొచ్చాడు.

"రెండు నెలల పేజీలు నిన్న ఒక్కరోజే రాసేశాను మేడం. మీరు కాస్త వెనకటి తేదీలు వేసి సంతకాలు పెట్టేస్తే..."

"ఇవాళ్టి తేదీ వేస్తాను."

"ఇవాళ్టిదైతే మార్కులు రావు మేడం."

"రావు."

"ఎవరికి తెలుస్తుంది మేడం?"

"నీకూ నాకూ."

"ఇద్దరమేగా! నేనైతే నోరు విప్పను."

ఇంకెప్పుడైనా అయితే ఆమె నవ్వేదే. ఇవాళ్టి తేదీ వేసి సంతకం చేసి, పుస్తకం చేతికిచ్చింది.

సాయంత్రం మరదలు రమ్మంటే వెళ్లింది. ముందుగదిలో బల్ల మీద తమ్ముడి రికార్డు ఉంది. అట్ట మీద నూనె వేళ్ల ముద్రలు.

"లాయరు గారు ఒక్కటే అడుగుతున్నారు వదినా," అంది మరదలు. "ఆ పెద్దమనిషి రాకముందు తేదీతో సాక్షి సంతకం ఉంటే, కనిపెట్టింది మీ తమ్ముడేనని కొట్లాడొచ్చట. లేకపోతే గాల్లో దీపమేనట."

అక్క రికార్డును దగ్గరికి లాక్కుంది.

"నీ సంతకం నీదేగా, దొంగదేం కాదు. ఆయన రాస్తుంటే చూశావు కూడా."

"రాస్తుంటే చూశానమ్మా. చదవలేదు."

నిజంగానే చదవలేదు. "అక్కా, ఒక్క సంతకం," అంటూ వాడు ఎన్నిసార్లు తెచ్చాడో. దిద్దాల్సిన పేపర్లు గుట్టలుగా ఉండేవి. ఆదివారం చూద్దాంలేరా అనేది. ఊరందరి పిల్లలకూ చెప్పే పాఠం ఇంట్లోవాడి దగ్గర వాయిదా పడింది.

"నీ నిజాయితీ నీకు మిగులుతుందిలే వదినా," అంది మరదలు, గొంతు పెంచకుండానే. "ఆయనకేం మిగిలింది?"

"చదువుతాను," అంది అక్క. మరదలు కలం తెచ్చి పుస్తకం పక్కన పెట్టి, లోపలికెళ్లిపోయింది.

మొదటి పేజీలో స్ప్రింగు బొమ్మ. మూడో పేజీలో అది విరిగింది. పదకొండో పేజీలో "ఇది తప్పు, మళ్లీ మొదటికి" అని రాసుకున్నాడు. ప్రతి పేజీ అడుగునా స్కేలుతో గీత గీసి, కింద పెన్సిలుతో రెండు మాటలు: అక్క సంతకం.

ఒకసారి కలం మూత తీసింది. తీసిన కలం గీత దాకా వెళ్లి ఆగింది. మూత పెట్టేసి చదువుతూ పోయింది.

మొత్తం యాభై మూడు పేజీలు. చదవడం అయింది. సంతకం ఒక్కదాని మీదా పడలేదు.