ఏడో నంబరు కోటు

అనుమానం ముందు పుట్టి తరువాత కోటు మాస్టారు పుట్టాడని అతని భార్య పెళ్ళయిన మూడో నెలలోనే తేల్చేసింది. పాలు పోయించుకుని గిన్నెను వెలుతురుకు ఎత్తి చూసే మనిషి. కొత్త దారపుండ మీద వెయ్యి మీటర్లని రాసి ఉంటే, ఒక ఆదివారమంతా కూర్చుని కొలిచిన మనిషి. తొమ్మిది వందల అరవై వచ్చింది. ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు.

ముందు గదిలో దుకాణం, వెనక గదిలో సంసారం. కోటులు కుడతాడన్న మాటే గానీ ఇల్లు గడిచేది అద్దె కోటుల మీదే. ఇంటర్వ్యూలకు వెళ్ళే పిల్లలు డిపాజిట్ కట్టి పొద్దున్నే కోటు తీసుకెళతారు, సాయంత్రానికి చెమట వాసనతో తెచ్చి ఇస్తారు. డిపాజిట్ లేకుండా కన్నతండ్రి వచ్చినా కోటు కదలదు. కొక్కేలకు వేలాడేవి మొత్తం ఇరవై రెండు, ఒక్కోదాని మెడ లోపల ఒక నంబరు.

ఇప్పుడు ఆ ముందు గదికే ఎసరు వచ్చింది. కూతురికి ఇంజనీరింగులో సీటు ఇస్తామంది ఒక ప్రైవేటు కాలేజీ. ఏడాదికి మూడు లక్షలు, నాలుగేళ్ళకు పన్నెండు. పక్కనున్న మందుల దుకాణం ఆయన గదిని కొంటానన్నాడు, సాయంత్రం ఆరింటికి అడ్వాన్సు తెస్తానన్నాడు. ఫీజు కట్టడానికి రేపే ఆఖరి రోజు. సర్కారు కాలేజీలో అయితే ఇందులో పావు వంతు చాలు. కానీ వాళ్ళ రెండో జాబితా రావడానికి ఇంకా పది రోజులుంది. అందులో పిల్ల నంబరు ఉంటుందో ఉండదో ఎవరికీ తెలియదు.

ఈలోగా ప్రైవేటు కాలేజీ నుంచి ఒకాయన వారంలో తొమ్మిదిసార్లు ఫోన్ చేశాడు. "ఆ జాబితా కోసం కూర్చుంటే ఇదీ పోతుందమ్మా" అని తేనె పూసినట్టు చెప్పేవాడు. కూతురు అతని నంబరును 'సీటు సార్' అని ఫోనులో దాచుకుంది.

ఆ మధ్యాహ్నం మూడింటికి కటింగ్ బల్ల మీద కాలేజీ వాళ్ళ రంగుల పుస్తకం పరిచి ముగ్గురూ కూర్చున్నారు.

"తొంభై నాలుగు శాతం మందికి ఉద్యోగాలట. సగటు జీతం ఏడాదికి ఆరు లక్షలట" అంది భార్య. "రెండేళ్ళు ఉద్యోగం చేసిందంటే మన గది డబ్బు మనకొచ్చేస్తుంది."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నాడు మాస్టారు. "సగటంటే ఏంటో తెలుసా? నా నడుము నలభై. నీ కూతురి నడుము ఇరవై ఆరు. సగటు ముప్పై మూడు. ఆ కొలతకి ప్యాంటు కుడితే నాకెక్కదు, దానికి నిలవదు."

"అబ్బబ్బ, మీతో మాట్లాడే కంటే ఆ గోడతో మాట్లాడటం నయం."

"ఇంకోటి విను. పన్నెండు లక్షలేనా ఖర్చు? దుకాణం పోయాక వెనక గదిలో కూర్చుంటే నా దగ్గరికి వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గుతారు. నాలుగేళ్ళ పాటు ఆ పోయే సగం ఎవరు కలుపుతారు లెక్కలో?"

కూతురు తలెత్తింది. "నాన్నా, నీ అనుమానం కాలేజీ మీదా, నా మీదా?"

మాస్టారికి పిల్ల మీద అనుమానం లేదు. ఉన్నదంతా దాని చదువుకే అని ఎన్నోసార్లు తనలో తాను అనుకున్నవాడే. కానీ ఆ మాట పైకి అనడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. గది మీద ఉన్న ప్రేమలో సగం కూడా నాన్నకు తన మీద లేదని పిల్ల అనుకుంటోందని ఆ క్షణాన తెలిసి, మనసు చివుక్కుమంది. కళ్ళజోడు పెట్టుకుని పుస్తకంలో తల దూర్చాడు.

దూర్చినవాడు దూర్చినట్టే ఉండిపోయాడు.

పేజీ నిండా కోటులు వేసుకుని నవ్వుతున్న ఏడుగురు పిల్లలు. ఎడమ నుంచి మూడోవాడి ఫోటో కింద 'ఏడాదికి ఆరు లక్షలు' అని పెద్ద అక్షరాలు. మాస్టారు చూస్తున్నది అక్షరాల్ని కాదు, ఆ కుర్రాడి ఎడమ చేతి మణికట్టు దగ్గర కోటు అంచుని. మూడు గుండీలు. రెండు నల్లవి, ఒకటి గోధుమ రంగుది.

"ఇది నా ఏడో నంబరు! నల్ల గుండీలు అయిపోతే నేనే కుట్టాను ఆ గోధుమదాన్ని. పైన పటారం, లోన లొటారం! ఆరు లక్షలవాడు అద్దె కోటు వేసుకుంటాడా?"

"అది ఇంటర్వ్యూ రోజు తీసిన ఫోటో అయ్యుంటుంది" అంది కూతురు. "అద్దె కోటు వేసుకున్నవాళ్ళకి ఉద్యోగాలు రావనుకుంటే మరి నువ్వెందుకు అద్దెకిస్తున్నావు?"

మాస్టారు దెబ్బతిన్నాడు గానీ తగ్గలేదు. అరలోంచి అద్దెల పద్దు పుస్తకం తీశాడు. అందులో పేర్లుండవు. పేరు ఎవడైనా మార్చి చెబుతాడు, ఛాతీ కొలత మార్చలేడు అన్నది అతని సిద్ధాంతం. కోటు నంబరు, ఛాతీ, ఫోను నంబరు, తేదీ, ఎక్కడికి వెళుతుందో, అంతే. ఏడో నంబరు పొడుగు చేతుల కోటు, కాబట్టి అడిగేవాళ్ళు తక్కువ. ఆ కాలేజీకి వెళ్ళింది ఒక్క ముప్పై ఎనిమిది ఛాతీవాడితోనే.

"చూడు. కిందటేడు ఒకసారి కాలేజీలో ఇంటర్వ్యూకని తీసుకెళ్ళాడు. ఆ తరువాత ఎనిమిది నెలల్లో మళ్ళీ నాలుగుసార్లు, అదే ఫోను నంబరు. ఉద్యోగం వచ్చినవాడు నాలుగుసార్లు ఎందుకొచ్చాడు?"

"ఇంకా మంచిది వెతుక్కున్నాడేమో. దొరికాక రావడం మానేశాడు. జీతం వచ్చాక సొంత కోటు కొనుక్కున్నాడు. ఆరు లక్షలవాడు నీ దగ్గరికెందుకొస్తాడు నాన్నా?"

అదీ నిజమే. బాగుపడినవాడూ రాడు, విసిగిపోయినవాడూ రాడు. పద్దెనిమిదేళ్ళ పుస్తకం ఆ రెంటికీ తేడా చెప్పలేకపోయింది. జన్మలో మొదటిసారి మాస్టారికి తన అనుమానం మీదే అనుమానం వచ్చింది. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

"అయితే ఆ అబ్బాయినే అడుగుదాం" అన్నాడు. "నువ్వే చెయ్యి ఫోను. నేను చేస్తే నేనేదో చెప్పించాననుకుంటావు."

కూతురు పద్దు పుస్తకం చూస్తూ ఒక్కో అంకె నొక్కింది. చివరి అంకె నొక్కగానే తెర మీద ఒక పేరు వచ్చింది. వారం కిందట తానే పెట్టుకున్న పేరు.

సీటు సార్.

ఆమె ముఖంలో రంగు పోయింది. ఫోను తల్లికి చూపించింది, తండ్రికి చూపించింది. తరువాత అందరికీ వినబడేలా పెట్టి కలిపింది.

"చెప్పమ్మా! నాన్నగారు ఒప్పుకున్నారా? నేను చెప్పలేదూ, అంతా మంచే జరుగుతుందని!"

కూతురు ఫోను తండ్రి వైపు జరిపింది. మాస్టారే ముందుకు వంగాడు. "బాబూ, ఏడో నంబరు కోటు. ఛాతీ ముప్పై ఎనిమిది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. మళ్ళీ వచ్చిన గొంతులో తేనె లేదు.

"మాస్టారా? ఈ అమ్మాయి మీ అమ్మాయా?"

"సార్" అంది కూతురు, "ఫోటోలో ఎడమ నుంచి మూడోది మీరేనా?"

"నేనేనమ్మా."

"మరి ఆరు లక్షలు?"

"కంపెనీవాళ్ళు ఇస్తామని కాగితం ఇచ్చారు. చేరమని పిలవలేదు. ఆ కాగితం చూసే కాలేజీవాళ్ళు నన్ను లెక్కలో వేసుకున్నారు. ఎనిమిది నెలలు తిరిగాను, ఎక్కడా దొరకలేదు. చివరికి కాలేజీవాళ్ళే ఈ పని ఇచ్చారు. సీటుకింత అని ఇస్తారు." అతను గొంతు తగ్గించాడు. "నేను చెప్పానని ఎవరితోనూ అనకు. రేపు కట్టకమ్మా. ఆ రెండో జాబితా చూడు."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోను పెట్టేస్తాడనుకున్నారు ముగ్గురూ. పెట్టలేదు.

"మాస్టారూ, ఆ కోటు ఇంకా ఉందా? సోమవారం ఒక ఇంటర్వ్యూ ఉంది."

తన అనుమానం నిజమైన ప్రతిసారీ మాస్టారు నలుగురికీ వినబడేలా నవ్వేవాడు. ఈసారి నవ్వు రాలేదు. ఎవరో తన బిడ్డనే మోసం చేసినంత కోపం వచ్చింది, ఆ కోపం ఈ కుర్రాడి మీద కాదు. "ఉంది నాయనా, వచ్చి తీసుకెళ్ళు" అన్నాడు. కొక్కెం మీంచి కోటు తీస్తూ, "డిపాజిట్ వద్దు" అన్నాడు.

ఆరింటికి మందుల దుకాణం ఆయన సంచి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. భార్యే ఎదురు వెళ్ళింది. "గది ఇవ్వడం లేదన్నయ్యా. పది రోజులాగి ఏ సంగతో చెబుతాం. పిల్ల ఇంకో జాబితా కోసం చూస్తోంది."

లోపల కూతురు ఏడో నంబరు కోటును ఒళ్ళో వేసుకుని, ఎడమ చేతి గోధుమ రంగు గుండీని కత్తెరతో తీసేసింది. కొత్త డబ్బాలోంచి ఒక నల్ల గుండీ ఏరి కుట్టింది. మాస్టారు పక్కనే నిలబడి చూశాడు. ముడి వేశాక కోటు అందుకుని ఆ గుండీని మూడుసార్లు గట్టిగా లాగాడు.

"ఊడదులే నాన్నా" అంది కూతురు.

అతను నాలుగోసారి లాగలేదు.