అగ్గిపుల్లంత సందు

గీత సగం దాకా వచ్చింది. ఇప్పుడు ఆగితే పలక పాడవుతుంది. అతను ఊపిరి బిగబట్టాడు. ఎడమ అరచేత్తో స్కేలుని గాజు మీద అదిమిపెట్టి, కుడిచేతిలోని కట్టర్‌ని ఒకే వేగంతో తనవైపు లాక్కున్నాడు. సన్నగా కీచుమన్న చప్పుడు మధ్యలో ఎక్కడా తెగలేదు. చప్పుడు తెగలేదంటే గీత బాగా పడినట్టే.

పలకని బల్ల అంచుకి జరిపి ఒక్క విరుపు విరిచాడు. టక్‌మని విడిపోయింది. అంచు నిటారుగా వచ్చింది.

కౌంటర్ వెనక కూర్చున్న యజమాని తలెత్తాడు.

"ఎవరి ఆర్డరయ్యా అది?"

"మేస్త్రీ ఇంటికి."

"ఆయనకి కళ్ళే కనపడవు కదా. కిటికీకి అద్దమైతేనేం, అట్టముక్కైతేనేం?"

అతను బల్ల మీది గాజు నలుసుల్ని బ్రష్‌తో ఊడ్చాడు. "గాలి కొడుతోందట. దగ్గు ఆగట్లేదు," అన్నాడు.

యజమాని మళ్ళీ లెక్కల పుస్తకంలోకి తల దించాడు. ఆ మేస్త్రీ ఈ కొట్లో అదే బల్ల దగ్గర నిలబడి ముసలివాడయ్యాడు. బల్ల అంచున ఆయన నడుము ఆనించే చోట చెక్క నున్నగా అరిగి ఉంది. ఇప్పుడు అక్కడ ఇతని నడుము ఆనుతోంది.

పొద్దున్నే మేస్త్రీ కూతురు ఫోన్ చేసింది. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారనీ, నాన్న రాత్రంతా ఇతని పేరే కలవరించాడనీ చెప్పింది. చివర్లో గొంతు తగ్గించి, "ఈరోజే రా అన్నా. రేపు అనకు," అంది.

భార్య టిఫిన్ డబ్బా చేతికిస్తూ అతని మొహం చూసింది. "ఇవాళైనా ఆ మాట ఆయనకి చెప్పు. నీ నోట్లోంచి మాట రావాలంటే కట్టర్ పెట్టి కొయ్యాలి," అంది. నవ్వుతూ అనాలనుకుంది కానీ నవ్వు రాలేదు.

ఆ మాట అతని లోపల చాలా ఏళ్ళుగా ఉంది.

ఈ కొట్టుకి అతను గాజు పలకలు మోసే కూలీగా వచ్చాడు. అప్పటికి అతనికి ఇల్లు లేదు, మీసం కూడా సరిగ్గా లేదు. వచ్చిన కొత్తలోనే ఒక పెద్ద నిలువుటద్దం అతని చేతుల్లోంచి జారి గడప మీద పడి తునాతునకలయింది. యజమాని తండ్రి లోపలినుంచి రంకెలు వేస్తూ వచ్చాడు. అతను గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. గడప పక్కనే బల్ల దగ్గరున్న మేస్త్రీ తల కూడా ఎత్తకుండా, "నా మోచెయ్యి తగిలిందండీ," అన్నాడు. అంతే. ఆ అద్దం ఖరీదు మేస్త్రీ జీతంలోంచి తెగింది. ఆ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. సాయంత్రం చీపురు చేతికిచ్చి, "ముక్కలన్నీ ఎత్తు. రేపట్నుంచి బల్ల దగ్గర నిలబడు," అన్నాడు.

తర్వాత నేర్పించాడు. గాజుని చూడ్డం కాదు, వినమన్నాడు. గీసిన గీత మీద రెండోసారి గియ్యొద్దన్నాడు. గీస్తే కట్టర్ చక్రం మొద్దుబారుతుంది, గాజు ఎటు పడితే అటు పగులుతుంది. ఒక్కసారే గియ్యి, లేదంటే ముట్టుకోకు. చట్రానికి సరిగ్గా సరిపోయేలా ఎప్పుడూ కొయ్యొద్దన్నాడు. చుట్టూ అగ్గిపుల్లంత సందు వదలాలి. వానకి చెక్క ఉబ్బుతుంది, దానికీ చోటుండాలి.

పని చేసేటప్పుడు ఇతని తీరు చూసి మేస్త్రీ ఇతనికి 'నిదానం' అని పేరు పెట్టాడు. ఆ పేరే కొట్లో స్థిరపడింది. చివరికి పెళ్ళిచూపుల్లో కూడా మేస్త్రీ పెద్దమనిషిగా కూర్చుని, "మావాడు నిదానం," అంటే పెళ్ళికూతురి తండ్రి అది గుణం అనుకుని సంతోషపడ్డాడు.

అతను బతుకంతా ఆ బల్ల దగ్గర నేర్చుకున్నట్టే బతికాడు. ఒకసారి అన్న మాట మళ్ళీ అనడు. గొడవైతే మళ్ళీ దాన్ని తవ్వడు. ఏదైనా చెప్పాలంటే సరైన అదను దొరికేదాకా నోరు విప్పడు. మేస్త్రీకి చెప్పాల్సిన మాటకి మాత్రం ఆ అదను ఎప్పుడూ దొరకలేదు. ఆయన పని మానేసిన రోజు దొరుకుతుందనుకున్నాడు. ఆయన చూపు పోయినప్పుడు దొరుకుతుందనుకున్నాడు.

ఇవాళ చెప్పేస్తాడు. బల్ల తుడుస్తూ మనసులో కూర్చుకున్నాడు. 'ఆ అద్దం నా చేతిలోంచే జారింది మేస్త్రీ. మీరు ఆ మాట అనకపోతే నేను ఎక్కడుండేవాణ్ణో నాకు తెలీదు.' అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

గాజుని పాత దుప్పట్లో చుట్టి చంకలో నిలువుగా పెట్టుకుని బయల్దేరాడు. జేబులో చెక్క పట్టీలకి కొట్టే చిన్న మేకులు, సుత్తి. సన్నగా వాన పడుతోంది. గాజు మోసుకొచ్చే మనిషిని చూస్తే జనం వాళ్ళంతట వాళ్ళే పక్కకి తప్పుకుంటారు. ఇరుకు మెట్లెక్కి రెండో అంతస్తులో తలుపు తట్టాడు.

మేస్త్రీ కూతురు తలుపు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక్కటే గది, దాని వెనక చిన్న వంటిల్లు. కిటికీ పక్కనే మంచం. మంచంలో మేస్త్రీ దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. మంచానికి దగ్గరగా లాగిపెట్టిన స్టూలు. కిటికీ చట్రంలో మూలలు తడిసిపోయిన అట్టముక్క వానగాలికి బుసకొడుతోంది.

"ఎవరు?"

"నేనే మేస్త్రీ."

"నిదానమా! ఇవాళైనా వచ్చావు," అన్నాడు మేస్త్రీ. పెదవుల చివర నవ్వు కదిలింది. వెంటనే దగ్గు వచ్చింది. కూతురు ఛాతీ రాసింది. దగ్గు ఆగాక ఆయన చెయ్యి గాల్లో తడుముకుని స్టూలుని చూపించింది. "కూర్చో."

అతను కూర్చోలేదు. ఇంత దగ్గరగా ఆ మొహాన్ని చూస్తూ చెప్పడం తనవల్ల కాదని వెంటనే తెలిసిపోయింది. చేతిలో పనుంటే నోరు తెరుచుకుంటుంది. అద్దం బిగిస్తూ, వీపు ఇటు పెట్టి, చెప్పేస్తాడు.

"ముందు అద్దం పెట్టేస్తా మేస్త్రీ. ఒక్క నిమిషం."

అట్టముక్క పీకాడు. చల్లగాలి ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. గాజుని చట్రంలోకి ఎత్తి కింది అంచు కూర్చోబెట్టి, పైన నొక్కాడు. వెళ్ళలేదు. పక్కకి జరిపి మళ్ళీ నొక్కాడు. గాజు చెక్కకి ఒరుసుకుని కరకరమంది.

మంచంలోంచి మేస్త్రీ అన్నాడు. "సందు వదల్లేదురా నువ్వు."

అతని చెవులు వేడెక్కాయి. వదల్లేదు. పోయినవారం, మేస్త్రీ ఆసుపత్రిలో ఉండగా, వచ్చి కొలత తీసుకున్నప్పుడు, ఎక్కడా గాలి చొరబడకూడదనుకున్నాడు. ఈ ఒక్క అద్దం చట్రానికి అతికినట్టుండాలనుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యని తప్పు, ఈయన కిటికీకే చేశాడు. రెండ్రోజుల వానకి చెక్క ఉబ్బింది.

"గాలి రాకూడదని..." అన్నాడు.

మేస్త్రీ నవ్వబోయి ఆయాసపడ్డాడు. "పోనీలేరా. ఆ అట్టే పెట్టెయ్. ఇట్రా, కూర్చో. నీతో మాటుంది."

"అరగదీసుకొస్తా మేస్త్రీ. సానరాయి మీద ఇట్టే అయిపోతుంది. ఇప్పుడే వచ్చేస్తా."

"నిదానం," అన్నాడు మేస్త్రీ. పిలిచాడో, తొందర వద్దన్నాడో అతనికి అర్థం కాలేదు. అట్టముక్కని మళ్ళీ చట్రంలో ఇరికించి, గాజు చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

అగ్గిపుల్లంత ముక్కని కట్టర్‌తో కొయ్యడం కుదరదు. నీళ్ళు పోస్తూ సానరాయి మీద కొంచెం కొంచెంగా అరగదీయాలి. తొందరపడితే మూల ఎగిరిపోతుంది. బల్ల దగ్గర నడుము ఆనించి నాలుగు అంచులూ అరగదీశాడు. వేళ్ళు చల్లబడి మొద్దుబారాయి. యజమాని పలకరిస్తే తల ఊపాడు. రాయి తిరుగుతున్నంతసేపూ ఆ మాటని నోట్లో నలుపుకున్నాడు. ఈసారి స్టూలు మీద కూర్చుంటాడు. ముందు చెప్పి, తర్వాతే అద్దం బిగిస్తాడు.

మళ్ళీ మెట్లెక్కేసరికి తలుపు తెరిచే ఉంది. మేస్త్రీ కూతురు గడపలో కూర్చుని ఉంది. అతన్ని చూసి లేవలేదు.

"వెళ్ళిపోయాడన్నా," అంది.

అతను గాజుని జాగ్రత్తగా గోడకి ఆనించాడు. అది జారదని చూసుకున్నాకే వెనక్కి తిరిగాడు. మంచంలో మేస్త్రీ మొహం స్టూలు వైపు తిరిగి ఉంది. ఒక చెయ్యి మంచం అంచు దాటి స్టూలు దాకా చాచి ఉంది.

"నువ్వు మెట్లు దిగగానే అడిగాడు, వాడు కూర్చున్నాడా అని," కూతురు మెల్లగా చెప్పింది. "వెళ్ళాడంటే ఆయాసం పెరుగుతుందని, కూర్చున్నాడు నాన్నా అన్నాను. నీ మోకాలు కోసం తడిమాడు. స్టూలు అంచు దొరికింది. దాన్నే పట్టుకున్నాడు. ఇక మాట్లాడ్డం మొదలుపెట్టాడు."

"ఏం మాట్లాడాడు?"

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "నీకు చెప్పేవి నేను వినడం ఎందుకని వంటింట్లోకి వెళ్ళాను. నువ్వెలాగూ వచ్చేస్తావు, మళ్ళీ చెప్తాడులే అనుకున్నా. స్టవ్ చప్పుడులో ఏమీ వినపడలేదు. చాలాసేపు మాట్లాడాడన్నా. మధ్యలో ఒకసారి నవ్వాడు."

అతను తల ఊపాడు. ఇంకేదో అడగబోయి మానుకున్నాడు. అడిగినా ఆ మాటలు ఆమె దగ్గర లేవు.

చుట్టాలకి కబురు చెయ్యడానికి ఆమె కిందికి వెళ్ళింది. అతను మంచం పక్కన నిలబడ్డాడు. నోరు తెరిచాడు. పొద్దుట్నుంచీ కూర్చుకున్న మాట నాలుక మీదే ఉంది. గదిలో వినేవాళ్ళు లేరు. నోరు మూసుకున్నాడు.

మేస్త్రీ చేతిని స్టూలు మీంచి తీసి ఛాతీ మీద పెట్టాడు. వేళ్ళు ఇంకా గట్టిగా ముడుచుకునే ఉన్నాయి. విప్పడానికి ప్రయత్నించలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగాడు. సుత్తి, మేకులు జేబులోనే ఉన్నాయి.

కిటికీలో అట్టముక్క బుసకొడుతూనే ఉంది. గోడకి ఆనించిన అద్దం చుట్టూ అగ్గిపుల్లంత అరిగి, చట్రానికి సరిగ్గా సరిపోయేలా తయారై ఉంది. దానిలో మంచానికి దగ్గరగా లాగిపెట్టిన ఖాళీ స్టూలు మసగ్గా కనిపిస్తోంది.