గరిటెల చక్రం ఆగిన ఉదయం

అమ్మకు ఊపిరి అందించే యంత్రం ఆగిపోయింది.

బోర్ష్ సూపు కుండ పొయ్యి మీంచి దించుతున్నాను. పక్కగదిలో దాని గురగుర ఉన్నట్టుండి తెగింది, దీపమూ ఆరింది. నేను వెళ్లేసరికి నాన్న ఆక్సిజన్ సిలిండరు గొట్టం అమ్మ ముక్కుకు తగిలిస్తున్నాడు.

"ఇది మధ్యాహ్నం దాకా కూడా రాదు, లూషా. వాగు దగ్గరికి పరుగెత్తు!"

మా లోయకు కరెంటు తీగలు లేవు. ఉన్నదల్లా వాగు, ఇంటి వెనక షెడ్డులో నాన్న చేసిన చక్రం. ఊరుమ్మడి వంటశాల మూసేసినప్పుడు పారేయబోయిన ఉక్కు గరిటెలు తెచ్చి, కాడలు కోసి, చట్రం చుట్టూ బిగించాడు. ఒకప్పుడు అందరికీ సూపు వడ్డించిన ఆ గరిటెలే కొండ మీంచి గొట్టంలో దూకే నీటిని పట్టుకుని తిరుగుతూ మా ఇంటిని వెలిగిస్తాయి. చలికాలం నడిమధ్యలో కూడా ఆగి ఎరగవు.

ఇప్పుడు ఆగాయి. గొట్టం మూతి నుంచి చుక్కలు రాలుతున్నాయి, అంతే.

దారిలో సవ్వా ఎదురయ్యాడు. మా దిగువ ఇంటివాడు. మా గొట్టం తన చెరువు నీళ్లు తాగేస్తోందని ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే దెప్పుతాడు.

"ఏమే, మీ నాన్న గరిటెలకు ఆకలి చచ్చిందా?"

"అమ్మ యంత్రం ఆగింది, మామా."

అతని నవ్వు ఎగిరిపోయింది. నాకంటే ముందే కొండెక్కాడు.

పైన గొట్టంలోకి నీళ్లు పట్టే తొట్టి జల్లెడ మీద ఎవరో గుడ్డ పరిచి, నాలుగు మూలలా ముడి వేశారు. రాత్రి గాలికి రాలిన లార్చ్ చెట్ల సూదాకులు దాని మీద పసుపు కంబళిలా అతుక్కుని ఉన్నాయి. చుక్క దిగే సందు లేదు.

"మామా, నిజం చెప్పు. ఇది నీ పనేనా?"

"నా పనైతే నీతో పరుగెత్తి చస్తానా? గుడ్డ చూడవే ముందు! నా కొంపలో పూలగుడ్డలెక్కడివి?"

అది మా వంటింటి కిటికీ తెర.

సవ్వా కత్తితో ముడులు కోశాడు. నీళ్లు భళ్లున దిగాయి, గొట్టం గాలి కక్కింది. కాసేపటికి కింద షెడ్డులోంచి చక్రం కూత వినిపించింది. ఇద్దరం అక్కడే కూలబడ్డాం.

ఇంటికొచ్చేసరికి యంత్రం గురగురలాడుతోంది. అమ్మ పెదవుల్లో రంగు తిరిగింది. తడి తెరను బల్ల మీద పడేశాను. నాన్న దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"నేనే కట్టాను," అన్నాడు. "నిన్న చక్రం తుడుస్తుంటే ఒక గరిటెలో చచ్చిన చేపపిల్ల కనిపించింది. గోరంత. జల్లెడ సందులోంచి దూరి గొట్టంలో పడింది. మన తాతలు ఎవరి ప్రాణమూ తీయబోమని తుపాకులు మంటల్లో వేసి దేశం దాటొచ్చారు, మనం చేప ముక్క కూడా ఎరగం. ఈ వాగు మీ అమ్మకు ఊపిరి పోస్తుంటే, దాని పిల్లల్ని నేను చంపడమేంటి అనిపించింది. ఆకు రాలే కాలమని తెలుసు. ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అనుకున్నాను. సవ్వా నవ్వుతాడని ఎవరికీ చెప్పలేదు." అమ్మ వైపు తిరిగాడు. "పోల్యా, నిన్ను కాస్తలో చంపుకునేవాణ్ణి. ఇవాళే సన్న తీగతో జల్లెడ చుట్టూ ఇంత పెద్ద బుట్ట అల్లుతాను. చేపపిల్లా దూరదు, ఆకులు పడ్డా నీళ్లకు చోటుంటుంది. నీ తెర ఉతికి ఇచ్చేస్తాను."